సరుకు అనాల్సిన ఊళ్ళో

కారెక్కిన దగ్గర్నుంచీ నా మేనకోడలు శ్రావణి నన్ను విసుక్కుంటూనే ఉంది. "కాళ్ళు ఊపకుండా కాసేపు కూర్చో అత్తా, నాకు స్టీరింగ్ ఊగుతున్నట్టుంది" అంటుంది. వినుకొండ దాటేలోపు మూడుసార్లు కారు ఆపించాను. ఒకసారి టీ తాగుదామని, ఒకసారి నడుం పట్టేసిందని. మూడోసారి ఎందుకో నాకే తెలీదు, దిగి రోడ్డు పక్కన నాలుగడుగులు నడిచి మళ్ళీ ఎక్కాను. నేను మొదట్నుంచీ కుదురుగా ఉండే మనిషిని కాను. ముప్ఫై ఏళ్ళు టీచరుద్యోగం చేసి ఒక్కరోజు కూడా కుర్చీలో కూర్చుని పాఠం చెప్పలేదు. కానీ ఇది ఆ కుదురులేనితనం కాదు. కిందటి వానాకాలం మా అమ్మ పోయింది. పోయేముందు నాకొక సంగతి చెప్పింది. అప్పట్నుంచీ గుణదలలో నా ఇంట్లో నాకే ఊపిరాడటం లేదు. గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరుగుతాను. మేరీమాత కొండ మెట్లు పొద్దునోసారి, సాయంత్రమోసారి ఎక్కి దిగుతాను. కింద కొవ్వొత్తులమ్మే ఆవిడ "ఏదైనా మొక్కుందా టీచరుగారూ?" అని అడిగేసింది కూడా. మొక్కేం లేదు. ఒకళ్ళకి చెప్పాల్సిన మాట ఒకటుంది. దానికి అరవయ్యేళ్ళు ఆలస్యమైంది.

శ్రావణి మా తమ్ముడి కూతురు. బెజవాడలో ఇంట్లోంచే చీరల వ్యాపారం చేస్తుంది. రెండు నెలలకోసారి ధర్మవరం వెళ్ళి మగ్గాల దగ్గర్నుంచే చీరలు తెచ్చి, ఫోను ముందు నిలబడి ఒక్కో కొంగూ విప్పి చూపిస్తూ అమ్ముతుంది. ఈసారి నేనూ వస్తానంటే అనుమానంగా చూసింది. పట్టుచీర నా ఒంటిమీద నిలవదని దానికి తెలుసు. ధర్మవరంలో పని చూసుకుని, అక్కణ్ణించి కొండల్లోకి ఇంకొంత దూరం తీసుకెళ్ళాలని చెప్పాను. అక్కడో ఊరుంది. ఆ ఊరి పేరు రాయను. ఒకప్పుడు అక్కడ బంగారం తవ్వేవారు. మా నాన్న అక్కడ పనిచేశాడు. నాకు ఊహ తెలిసింది అక్కడే.

హనుమాన్ జంక్షన్ దగ్గర మా తాతగారిది మాగాణి సేద్యం. ఇంటి వెనకే కాలవ. అలాంటి చోట పుట్టి పెరిగిన మా అమ్మ, బీయస్సీ కెమిస్ట్రీ చదివిన అల్లుడని తాతగారు మురిసిపోయి ఇస్తే, వచ్చి ఆ రాళ్ళలో పడింది. నీళ్ళు రోజుకి ఒక గంట వచ్చేవి. వచ్చే ముందు కుళాయి గుర్రుమని శబ్దం చేసేది. ఆ శబ్దం వినగానే అమ్మ చేతిలో ఏ పనున్నా వదిలేసి బిందె పట్టుకుని పరిగెత్తేది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయాలంటే ఆవిడకి ప్రాణం మీదకొచ్చేది. వాటినే గిన్నెలకీ, మళ్ళీ వాటినే గడపకీ వాడేది. మా ఇంటి బియ్యం, చింతకాయ పచ్చడి, గోంగూర జాడీలు తాతగారు లారీలో పంపించేవారు. చుట్టుపక్కల ఇళ్ళలో మధ్యాహ్నమయ్యేసరికి రాగి సంగటి కెలికే వాసన, వేరుశెనగ పప్పులు వేయించే వాసన వచ్చేవి. నాకు ఆ సంగటి కావాలని ఏడుపు. పక్కింటావిడ ఒక ముద్ద చేతిలో పెడితే అమ్మ చూడకుండా గోడవతల కూర్చుని తినేదాన్ని. రాత్రీ పగలూ రాళ్ళు పొడికొట్టే మిల్లు మోగుతూనే ఉండేది. ఏ పండక్కో అది ఆగితే నిశ్శబ్దానికి పిల్లలం నిద్రలేచి ఏడ్చేవాళ్ళమట.

నాన్నది పరీక్షగదిలో పని. గనిలోంచి వచ్చిన రాయిలో బంగారం ఎంతుందో చూడటం. రాతిపొడిని సీసంతో కలిపి కరిగించి, ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో కాలుస్తారు. సీసమంతా ఆ గిన్నె పీల్చేసుకుంటే ఆఖరికి ఆవగింజలో సగమంత పూస మిగులుతుంది. దాన్ని గాజుపెట్టెలో ఉన్న త్రాసులో తూచాలి. ఊపిరి తగిలితే తూకం మారుతుందని నాన్న ఊపిరి బిగబట్టేవాడు. అది ఆయనకి ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో కాఫీపొడి చెంచాతో తీస్తున్నా ఊపిరి బిగబట్టేవాడు. "పీల్చండి, అది మీ సరుకేం కాదు" అని అమ్మ వేళాకోళం చేసేది. ఆయన చొక్కాలకి యాసిడ్ వాసన, ఎంత ఉతికినా పోయేది కాదు. వేళ్ళ చివర్లు పసుప్పచ్చగా ఉండేవి. ఆదివారం పొద్దున్నే వాకిట్లో కూర్చుని గోళ్ళు మొదలంటా తీసేవాడు. గేటు దగ్గర గోళ్ళు కూడా చూసేవారు మరి. బయటికొచ్చే ప్రతి మనిషినీ, చెప్పులు, తలపాగా, బీడీకట్టతో సహా తడిమి చూసి వదిలేవారు. ఖాళీ టిఫిను క్యారియర్లు కూడా మూతలు తీసి చూసేవారు.

ఆ ఊళ్ళో ఎవరూ బంగారం అనే మాట అనేవారు కాదు. సరుకు అనేవారు. "ఈ నెల సరుకు బాగుంది", "సరుకు బండి వెళ్ళింది", అంతే. మెళ్ళో నగ ఉన్నవాళ్ళు కూడా పైకి కనపడకుండా కప్పుకునేవాళ్ళు, లేనిపోని మాటొస్తుందని. అలాంటి ఊళ్ళో రోజుకి ఇరవైసార్లు ఆ మాట గొంతెత్తి అరిచింది మా అమ్మ ఒక్కతే. ఎందుకంటే ఆవిడ నన్ను పిలిచేది అలాగే. బళ్ళో నా పేరు రాజ్యలక్ష్మి. ఇంట్లో బంగారం. "బంగారం, ఎండలో ఆడకు! బంగారం, ఇంట్లోకి రా!" అని వీధి చివరిదాకా వినపడేలా పిలుస్తుంటే క్వార్టర్స్‌లో ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. మా వైపు పిల్లల్ని అలా పిలవని ఇల్లు ఉండదు కదా. ఆవిడకి అందులో తప్పేం తోచలేదు.

అప్పుడు నాకు ఐదేళ్ళు. జ్వరం తగ్గకపోతే ఆస్పత్రిలో పెట్టారు. ఆస్పత్రి గని ప్రహరీ లోపల ఉండేది. తమ్ముడు పాలు తాగే పిల్లాడు, అందుకని అమ్మ రాలేకపోయింది. నాన్న తన గదిలోంచి మధ్యమధ్య వచ్చి చూసి వెళ్ళేవాడు. మధ్యాహ్నం నాకు జావ తెచ్చేది నరసన్న. అతను ఒకప్పుడు గని లోపల పనిచేసి, రాతిదుమ్ముకి ఊపిరితిత్తులు పాడై, పైకొచ్చి క్యారియర్లు మోసేవాడు. కావడికి అటైదూ ఇటైదూ తగిలించుకుని క్వార్టర్స్ నుంచి ఆఫీసుకి తెచ్చేవాడు. వాటితోపాటే నా జావచెంబు. పదడుగులకోసారి ఆగి దగ్గేవాడు. ఆ దగ్గు వినపడితే నాకు జావ వస్తోందని తెలిసేది. చెంబు వేడి చూసి, గ్లాసులో తిరగబోసి, చల్లార్చి ఇచ్చేవాడు. అతని ముఖం నాకు గుర్తులేదు. చేతులు గుర్తున్నాయి, గ్లాసుని పైకెత్తి పోస్తున్న చేతులు.

ఇంతవరకూ నాకు తెలుసు. ఇక్కణ్ణించి అమ్మ చెప్పింది.

నన్ను ఇంటికి పంపేస్తామన్న రోజున అమ్మ నాన్నకి చీటీ రాసి క్యారియర్ మూతలో పెట్టింది. ఆవిడకి దిష్టి భయం ఎక్కువ. ముందు గేటు దగ్గర జనం ఉంటారని ఆవిడ బెంగ. జ్వరం తగ్గి వచ్చే పిల్లకి వేణ్ణీళ్ళు కాచి పోయాలని ఆవిడ ఆలోచన. చీటీలో ఇలా రాసింది: "వచ్చేటప్పుడు బంగారాన్ని తువ్వాల్లో చుట్టి తీసుకురండి. ఎవరి కంటా పడనివ్వకండి. వెనక గేటునించి వస్తే మంచిది. పొయ్యి రాజేసి ఉంచుతాను." కింద పేరు లేదు. మొగుడికి రాసే చీటీకి సంతకమెందుకు? నాన్న చదువుకుని, నవ్వుకుని, చీటీని మళ్ళీ మూతలోనే వదిలేశాడు. ఖాళీ క్యారియర్లతో నరసన్న బయటికి వస్తుంటే గేటు దగ్గర మూతలన్నీ తీసి బల్లమీద పరిచినప్పుడు, ఆ చీటీ బయటపడింది.

ఇది చెప్తున్నప్పుడు నేను నవ్వాను. ఎవరైనా నవ్వుతారు. బెజవాడ ఆస్పత్రి మంచం మీదున్న అమ్మ నవ్వలేదు. "నవ్వకే" అంది. ఆ వారమే నాన్న గదిలో ఒక పూస కనపడకుండా పోయిందట. ఎవరు తీశారని పైవాళ్ళు అడుగుతున్నారట. ఆ సమయంలో ఈ చీటీ మాదండీ, బంగారమంటే మా అమ్మాయండీ అంటే ఎవరు నమ్ముతారని ఆయన భయం. ఏ క్యారియర్ మూతలోదిరా అని నరసన్నని అడిగారు. నాకు తెలీదు సామీ అన్నాడు. చదువురాని మనిషి. ఆ సాయంత్రం గేటు దగ్గర అతన్ని నిలబెట్టి అడుగుతుండగానే నాన్న నన్ను తువ్వాల్లో చుట్టుకుని, ముందు గేటులోంచే బయటికొచ్చాడు. నాకు ఆ తువ్వాలు గుర్తుంది. ముఖమ్మీద కప్పితే యాసిడ్ వాసన. బయట దగ్గు వినపడితే, తువ్వాల్లోంచి చెయ్యి బయటపెట్టబోయాను. నాన్న ఆ చేతిని లోపలికి తోసి గట్టిగా పట్టుకున్నాడు. చలిగాలి తగులుతుందని అనుకున్నాను. మొన్న అమ్మ చెప్పేదాకా అలాగే అనుకున్నాను.

ఇంటికొచ్చాక నాన్న అమ్మతో అన్న మొదటి మాట, "దాన్ని ఇంకెప్పుడూ ఆ పేరుతో పిలవకు" అని. నరసన్న ఇల్లు వెతికారు. పొయ్యి తవ్వారు. ఏమీ దొరకలేదు. అయినా అతన్ని మళ్ళీ గేటు లోపలికి రానివ్వలేదు. కొన్నాళ్ళకి ఆ పోయిన పూస త్రాసుబల్ల కిందే, నేల పగుల్లో దొరికింది. "అప్పుడైనా చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను. "అప్పటికి ఆలస్యమైపోయిందన్నారు మీ నాన్న" అంది అమ్మ. ఏడాది తిరక్కుండా మేము బెజవాడ వచ్చేశాం.

ఆ జ్వరం తర్వాత అమ్మ నన్ను రాజ్యం అని పిలవడం మొదలుపెట్టింది. నాకు అదొక శిక్షలా ఉండేది. తమ్ముడు పుట్టాడని నన్ను తగ్గించేసిందనుకున్నాను. జ్వరం తెచ్చుకున్నానని కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఎవరింట్లోనైనా బంగారం అని పిలిస్తే, అది నన్ను కాకపోయినా, తిరిగి చూసేదాన్ని. ఇంత వయసొచ్చాక ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నేను అమ్మ దగ్గర ఎప్పుడూ మారాం చెయ్యలేదు, ఒళ్ళో పడుకోలేదు. ఇక నాన్న. ఆయన బెజవాడ కాలేజీలో ల్యాబు చూసుకుంటూ రిటైరయ్యాడు, అమ్మకంటే ముందే పోయాడు. కాలేజీ సుద్దముక్క ఇంటికి రానిచ్చేవాడు కాదు. ఆయన నిజాయితీ గురించి నేను ముప్ఫై ఏళ్ళు నా పిల్లలకి క్లాసులో కథలుగా చెప్పాను. మైలవరంలో పనిచేసినప్పుడు ఒక పిల్ల లేచి "మీ నాన్నగారు ఒక్క అబద్ధం కూడా ఆడలేదా టీచర్?" అని అడిగితే, లేదని గర్వంగా చెప్పాను. ఆడలేదు నిజమే. అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా ఆయనకి రాలేదు. నోరు మూసుకుంటే సరిపోయింది.

ఊరు దగ్గరపడే కొద్దీ కొండలమీద గాలిమరలు కనిపించాయి, వరసగా, తెల్లగా, ఎవరికీ పట్టనట్టు తిరుగుతూ. మా చిన్నప్పుడు ఆ కొండలమీద ఎండుగడ్డి, నక్కలు తప్ప ఏం లేవు. గనివాళ్ళు పోసిన తెల్ల ఇసకదిబ్బ మాత్రం అలాగే ఉంది. పిల్లలు దానిమీద వికెట్లు పాతుకుని క్రికెట్ ఆడుతున్నారు. గనిలోకి దిగే షాఫ్ట్ నోటికి సిమెంటు పలక వేసేశారు. మిల్లు లేదు. క్వార్టర్స్‌కి కప్పుల్లేవు, గోడల మధ్య జిల్లేడు మొలిచింది. మా ఇల్లు ఏదో గుర్తుపట్టలేకపోయాను. కుళాయి దిమ్మలు లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు తిరిగి, వదిలేశాను. గోళ్ళ సందుల్లో కూడా వెతికిన ఆ గేటుకి ఇప్పుడు రెండు స్తంభాలు మిగిలాయి. తలుపూ లేదు, అటూ ఇటూ గోడా లేదు. మేకలు స్తంభాల మధ్య నుంచి కూడా పోవడం లేదు, పక్కనుంచి పోతున్నాయి. నేను మాత్రం స్తంభాల మధ్యనుంచే నడిచాను. ఎందుకో చేతులు రెండూ కొంచెం ఎత్తి నడిచాను. వెనక శ్రావణి "ఏంటత్తా?" అంటే ఏం లేదన్నాను.

మలుపులో టీ బంకు ఉంది. క్యారియర్లు మోసిన నరసన్న వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. గాలిమరల దగ్గర పనిచేసేవాడట, యూనిఫాం వేసుకున్న కుర్రాడు, తల గోక్కుని, "ఓ, చీటోళ్ళా? చీటోళ్ళ గంగమ్మ ఉంది, ఆ ఆకుపచ్చ తలుపిల్లు" అన్నాడు. చీటోళ్ళు ఏమిటని అడిగాను. "ఏమో మేడం, మేము పుట్టకముందునుంచీ అట్లే అంటారు" అన్నాడు. మా అమ్మ నాలుగు వాక్యాలు ఆ మనుషులకి ఇంటిపేరయి కూర్చుంది. వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. నిజంగానే కారు వైపు రెండడుగులు వేశాను. శ్రావణి చేయి పట్టుకుంది.

గంగమ్మ నరసన్న కూతురు. నాకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. వాకిట్లో మంచంమీద కూర్చుని వేరుశెనగ కాయలు వలుస్తోంది. కూర్చోమంది. నేను కూర్చోలేదు. నిలబడే, అమ్మ చెప్పినదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. చీటీ ఎవరు రాశారో, బంగారమంటే ఎవరో, పూస ఎక్కడ దొరికిందో. ఆవిడ వలవడం ఆపలేదు.

"తెల్సమ్మా" అంది.

"ఏం తెలుసండీ?"

"అంతా తెల్సు. గేటుకాడ జమేదారు చీటీ పైకి చదివినాడు గదా. బంగారాన్ని తువ్వాల్లో సుట్టి అనంగానే మా నాయనకి తెల్సిపాయ. దినామూ నీకు జావ పోసినోడు గదా."

"మరి చెప్పలేదేమండీ? చెప్తే వదిలేసేవాళ్ళు కదా!"

"యాడ వదుల్తారు? నేను చెప్తే దొంగతనం కప్పెట్టుకునేదానికి పసిబిడ్డ పేరు వాడుకుండాడంటారు, అది ఆ బిడ్డ నాయన నోటితోనే రావల్ల అన్న్యాడు మా నాయన. మూడు దినాలు గేటుకాడ పోయి కూచున్న్యాడు, సంగటి కూడా ఆడికే తీసుకపోతాంటి నేను. మీ నాయన దినామూ వచ్చి, సైకిల్ దిగి, మా నాయనకి నమస్కారం పెట్టి లోపలికి పోతాండె. అంతకుముందు ఎప్పుడూ పెట్న్యోడు కాదు." ఆవిడ ఒడిలో పొట్టు దులుపుకుంది. "మూడో దినం ఇంటికొచ్చి, ఇంగ ఆయప్ప చెప్పడులే పాపా, నమస్కారంతోనే సరిపెట్న్యాడు అనె. మళ్ళ గేటుకాడికి పోలేదు."

నాన్నమీద వచ్చిన కోపం లాంటిది నాకు జీవితంలో ఎవరిమీదా రాలేదు. భయపడ్డాడని అమ్మ చెప్పినప్పుడు కొంత సర్దుకున్నాను. భయం ఎవరికి ఉండదు? కానీ మూడురోజులు సైకిల్ దిగాడట. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. "నన్ను క్షమించండి. మా వాళ్ళందరి తరఫునా అడుగుతున్నాను" అన్నాను.

"నాకేంటికి చెప్తావు? నాకు తెల్సు గదా" అంది గంగమ్మ. గొంతులో కోపం లేదు. "తెలీనోళ్ళకి చెప్పు. నా మనమడు బడికి పోతే చీటోడా అని పిలుస్తారు. యాల అట్ల అంటారని వాడు అడిగితే, నేను చెప్పేది వాడు నమ్ముతాడు, ఊరు నమ్మదు. చీటీ ఎవురిదో ఆ ఇంటోళ్ళే వచ్చి చెప్పల్ల." చాట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. "రా."

నన్ను టీ బంకు దగ్గరికి తీసుకెళ్ళింది. నేను వెనకాల నడిచాను. బెంచీమీద నలుగురైదుగురు ఉన్నారు. ఇందాకటి యూనిఫాం కుర్రాడు, ఎవరో పాలవాళ్ళు, గోడకానుకుని బాగా ముసలాయన ఒకాయన, చేతికర్ర రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని. గంగమ్మ నేరుగా ఆయన ముందు నిలబడింది. "ఈయప్ప అప్పుడు గేటుకాడ పనిజేస్తాండె. మా పొయ్యి తవ్వినోళ్ళలో ఒకడు. ఈయప్పకి చెప్పు" అంది. శ్రావణి వీడియో తీయబోతే, వద్దని చెయ్యి ఊపాను. తర్వాత, తియ్యమన్నాను.

వేలమంది పిల్లల ముందు నిలబడి మాట్లాడినదాన్ని. నా గొంతు నాకే వినపడలేదు. "నరసన్నగారి క్యారియర్‌లో దొరికిన చీటీ మా అమ్మ రాసిందండీ. అందులో బంగారమంటే నేను. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. ఆ సంగతి అప్పుడు... మా నాన్నగారు చెప్పలేకపోయారండీ" అన్నాను.

టీ పోసే అతను గిన్నె దించాడు. యూనిఫాం కుర్రాడు గంగమ్మ వంక చూశాడు. ముసలాయన నా ముఖంలోకి అలాగే చూస్తున్నాడు.

"ఇంగోతూరి చెప్పమ్మా" అంది గంగమ్మ. "ఆయప్పకి చెవుడు."

నేను ఆయన చెవి దగ్గరికి వంగాను. "చీటీ మాదే! నరసన్న దొంగ కాదు!" అని అరిచాను. "మా నాన్నకి తెలుసు! తెలిసీ చెప్పలేదు!"